‘మల్లీశ్వరి’లో పల్లకి

పూర్వకాలపు కథను నేటి ప్రేక్షకునికి చెప్పబూనిన కళాకారునికి రెండు ప్రలోభాలు ఎదురవుతాయి. ఆ కాలాన్ని స్వర్ణయుగమని కీర్తించి ఊరుకోవడం ఒకటి. నేటి నీతిసూత్రాలతో దానిని కొలిచి శిక్ష విధించడం రెండవది. మొదటిదానిలో సత్యం నశిస్తుంది, రెండవదానిలో రసం నశిస్తుంది. 1951 డిసెంబరు 20న విడుదలైన వాహినీ వారి ‘మల్లీశ్వరి’ ఈ రెండింటి నడుమ సన్నని దారిన నడచిన చిత్రం. దర్శకుడు బి.ఎన్. రెడ్డి. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి, సంగీతం సాలూరి రాజేశ్వరరావుది, కళాదర్శకత్వం ఎ.కె. శేఖర్‌ది. నాయికానాయకులు భానుమతి, నందమూరి తారక రామారావు. డెబ్బది యేండ్లకు పైగా తెలుగువారు ఈ చిత్రాన్ని ఒక తీయని జ్ఞాపకంగా దాచుకున్నారు. ఆ తీపి అడుగున ఒక చేదు కూడా ఉన్నది. అది లేకుంటే చిత్రం ఇన్నాళ్లు నిలిచేది కాదు.

కథాబీజం రెండు చోట్ల నుంచి వచ్చింది. బుచ్చిబాబు రచించిన ‘రాయల కరుణకృత్యం’ అనే రేడియో నాటిక ఒకటి. ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో వెలువడిన దేవన్ షరార్ ఆంగ్లకథ మరొకటి. నాటిక పేరులోనే కథ ముగింపు ఉన్నది. జరిగినదంతా రాయలు చేసిన ఒక దయగల పనికి ఉపోద్ఘాతమని ఆ పేరు చెబుతుంది. బి.ఎన్. రెడ్డి ఆ పేరును విడిచి చిత్రానికి నాయిక పేరు పెట్టాడు. పైకి ఇది చిన్న మార్పు. కాని దయ చూపినవాని కథ దీనితో దయ పొందవలసి వచ్చిన స్త్రీ కథగా మారింది. దానితోపాటు మరొక ప్రశ్న తప్పనిసరి అయింది: ఏ నేరమూ ఎరుగని ఆ పిల్లకు రాజుగారి దయ అవసరమయ్యే స్థితి ఎట్లా ప్రాప్తించింది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికేవారికి మొదట కలిగే ఆశ్చర్యం, చిత్రంలో దుర్మార్గుడు లేకపోవడం. ప్రేమకథలకు అలవాటైన ప్రతినాయకుడు ఇందులో కనబడడు. మల్లిని చెరబట్టాలని ఎవరూ పన్నాగం పన్నలేదు. రాజు ఆమెను కామించలేదు. సేనాని గాని మంత్రి గాని కుట్ర చేయలేదు. అయినా కథ చివరికి ఇద్దరు ప్రేమికులు మరణదండన ముందు నిలబడతారు. దుష్టుడు లేకుండానే ఇంత ఆపద వచ్చిందంటే, అది మంచివారి చేతుల మీదుగా వచ్చిందన్నమాట. ‘మల్లీశ్వరి’లోని అసలు విషయం ఇది.

కథాక్రమం తెలిసినదే. విజయనగర రాజ్యంలోని ఒక పల్లెలో మల్లి, నాగరాజు మేనత్త మేనమామ బిడ్డలు. చిన్ననాటి స్నేహం పెరిగి ప్రేమ అయింది. సంత చూచి తిరిగి వస్తుండగా వాన పట్టుకొంటుంది. పాడుబడిన మండపంలో తలదాచుకొంటారు. అక్కడ మల్లి పాడి ఆడుతుంది. మారువేషంలో తిరుగుతూ అదే మండపానికి చేరిన శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన ఆ ఆటపాటలు చూచి మెచ్చుకొంటారు. వచ్చినవారెవరో తెలియని నాగరాజు పరిహాసానికి, మల్లిని రాణివాసానికి తీసుకొని పోవడానికి రాయలవారితో చెప్పి పల్లకి పంపించమంటాడు. తరువాత మల్లి తల్లి నాగమ్మ పేదవాడైన మేనల్లునికి పిల్లనివ్వనంటుంది. డబ్బు గడించి వస్తానని నాగరాజు ఊరు విడుస్తాడు. అతడు లేని సమయంలో పల్లకి వస్తుంది. నాడు నవ్వులాటకు అడిగినది నేడు నిజమై గుమ్మం ముందు దిగుతుంది.

ఇక్కడ ఒక్కొక్కరి పాలు లెక్క వేయవలసి ఉన్నది. నాగరాజు చేసినది నేరం కాదు, వట్టి చిలిపితనం. కాని అందులో ఒక లోపమున్నది. పక్కనే నిలబడిన మనిషి బ్రతుకును ఆమెను అడగకుండా పరాయివారి ముందు మాటవరుసకు పందెం పెట్టినట్లు పెట్టాడు. ప్రేమించినవాడు గనుక ఆ చనువు తనకున్నదనుకొన్నాడు. తల్లి చేసినది దురాశ; అయినా ఆ దురాశ కూడా కూతురి సుఖం పేరుతోనే మాట్లాడుతుంది. బంగారం, పట్టుబట్టలు, రాణివాసపు గౌరవం చూచిన పల్లెటూరి ఇల్లాలు, తన బిడ్డ అదృష్టవంతురాలని నమ్మడం వింత కాదు. తండ్రికి మనసున్నది, భార్యకు ఎదురు చెప్పే నోరు లేదు. రాజు మెచ్చినదానిని సత్కరించాడు, తనను అడిగిన కోరికను చెల్లించాడు. వీరిలో ప్రతి ఒక్కరు తమ తమ న్యాయం చొప్పున సరియైన పనో, క్షమించదగిన పనో చేశారు. అందరూ కలిసి చేయని పని ఒకటే ఉన్నది. మల్లిని ఎవరూ అడగలేదు.

నైతికమైన రాజీ అనగానే పెద్ద పాపానికి తలవంచడమని తోస్తుంది. ఈ చిత్రం చూపే రాజీ అంతకంటె చిన్నది, అంతకంటె సామాన్యమైనది. ఎదుటివారి మేలు తనకు తెలుసుననుకొని, వారిని అడిగే శ్రమ తప్పించుకోవడం. ప్రతి ఇంటా నిత్యం జరిగే పని గనుక ప్రేక్షకుడు నాగమ్మను చూచి నవ్వగలడు గాని తేలికగా ద్వేషించలేడు. వితంతు సమస్యను ‘సుమంగళి’ (1940)లో చిత్రించిన దర్శకునికి ఇంటి లోపల పెద్దల మంచితనం ఆడపిల్లకు ఎట్లా కట్టుకొయ్య అవుతుందో కొత్తగా తెలియవలసిన విషయం కాదు. సాంఘిక చిత్రాలలో అలవడిన ఆ చూపుతోనే ఆయన విజయనగరాన్ని కూడా చూచాడు. ‘మల్లీశ్వరి’ని చారిత్రక చిత్రమనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. కోటలు, కొలువులు, శిల్పాలు ఎన్ని ఉన్నా, ఇది ఒక ఇంటి గుమ్మంలో మొదలైన కథ.

ఇక పల్లకి సంగతి. తెలుగు సాహిత్యంలో పల్లకికి ఒక ప్రసిద్ధమైన స్థానమున్నది. రాయలు గతించిన పిమ్మట పెద్దన దుఃఖంతో చెప్పాడని ప్రసిద్ధిలో ఉన్న చాటువు, ఆ రాజు తనకు చేసిన గౌరవాలను ఒక్కొక్కటిగా తలచుకొంటుంది. అందులో ముఖ్యమైనది, మనుచరిత్రాన్ని అందుకొన్న వేళ కవిని ఊరేగిస్తూ రాజు స్వయంగా పల్లకికి చేయి పట్టిన ఘట్టం. రాజు భుజం మీద కవి పల్లకి ఉండటమంటే, అధికారం కంటె కవిత్వం అధికమని లోకానికి చాటడం. తెలుగు కవులు నాలుగు శతాబ్దాలకు పైగా ఈ పల్లకిని తలచుకొని పొంగిపోతూనే ఉన్నారు. అదే రాజు, అదే కళాభిమానం, మరొక పల్లకిని ‘మల్లీశ్వరి’లో పంపుతాయి. మొదటి పల్లకి కవిని వీథులలో తిప్పి అందరికీ చూపింది. రెండవది ఒక పల్లెపిల్లను ఎవరి కంటా పడని చోటికి తీసుకొనిపోయింది. కవి పల్లకి దిగి తన ఇంటికి వెళ్లగలడు. మల్లికి ఆ స్వేచ్ఛ లేదు. రాణివాసం దాటి వెలికి వచ్చిన స్త్రీకి, అందులోకి చొరబడిన పురుషునికి మరణమే శిక్ష అని ఆ నగరి కట్టడి.

ఈ కట్టడి కథ కోసం కట్టినదే అయినా, దాని వెనుక ఉన్న లోకం కల్పితం కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అంతఃపురస్త్రీలను గూర్చి వ్రాసినది చదివితే ఇది తెలుస్తుంది. వారు బయటికి రావలసి వస్తే నలువైపులా మూసిన పల్లకీలలో, పరివారం వెంట రాగా, ఎవరికీ కనబడకుండా వచ్చేవారని అతడు చెప్పాడు. స్త్రీలకు నృత్యం నేర్పే మందిరాన్ని, అందులోని స్తంభాల మీద నాట్యభంగిమలు చూపే శిల్పాలను కూడా అతడు వర్ణించాడు. కళకు అంత చక్కని ఇల్లు కట్టిన నగరి, ఆ కళ నేర్చిన మనిషికి తలుపు మూసింది. చిత్రంలో ఈ రెండు సత్యాలు పక్కపక్కనే నడుస్తాయి. మల్లి ఆ నగరిలో ఆడుతుంది. నాగరాజు అదే నగరిలో శిల్పం చెక్కడానికి వస్తాడు. ఇద్దరి విద్యకూ అక్కడ గౌరవమున్నది. ఆ ఇద్దరు మనుషులకు మాత్రం అక్కడ ఒకరినొకరు చూచుకొనే హక్కు లేదు.

మండపంలోని సన్నివేశంలో పెద్దనను రాజు పక్కన నిలబెట్టడం యాదృచ్ఛికమనిపించదు. మనుచరిత్రంలో ప్రవరుని రూపం ధరించిన గంధర్వుడు వరూధినిని వంచించాడు. అక్కడి మారువేషం మోసానికి వేసినది. రాయల మారువేషంలో ఏ కపటమూ లేదు. కాని రెండు చోట్లా ఫలితం ఒక్కటే: తాను ఎవరి ముందు నిలబడి ఉన్నదో స్త్రీకి తెలియదు. ఆ మహాకవి ఇక్కడ సాక్షిగా ఉన్నాడు, ఆనందించాడు, మెచ్చుకొన్నాడు. పల్లకి పంపితే ఆ జంట ఏమవుతుందో ఊహించగలవాడు ఆ సభలో ఎవరైనా ఉంటే, అది మానవహృదయాన్ని ఎరిగిన కవి అయి ఉండాలి. చిత్రం అతని చేత ఆ మాట అనిపించలేదు. ఆ మౌనాన్ని చిత్రం ఎత్తి చూపలేదు, నిందించలేదు. అయినా రచయితలైనవారు ఆ సన్నివేశాన్ని రెండవసారి చూచినప్పుడు పెద్దన నవ్వు అంత హాయిగా వినబడకపోవచ్చు.

కృష్ణశాస్త్రి ఈ చిత్రంలో చేసిన పని ప్రత్యేకంగా గమనింపదగినది. ఆయనకు ఇది చిత్రరంగంలో తొలి అడుగు. ‘కృష్ణపక్షం’ (1925) కవి పేరు చెప్పగానే దుఃఖం స్ఫురిస్తుంది. ఆ దుఃఖానికి కారణమేమిటని అడిగినవారున్నారు. కారణం అడగరాదని సమాధానం చెప్పినవారూ ఉన్నారు. ‘మల్లీశ్వరి’లో ఆ దుఃఖానికి కారణం దొరికింది. అది ఒక ప్రాకారం. రాతితో కట్టినది, కావలివారున్నది, తలుపులున్నది. భావకవి విరహం గాలిలో తేలక ఒక గోడకు ఆనుకొని నిలబడటం వల్ల ఈ పాటలకు వేరొక బరువు వచ్చింది. మాటలలోనూ అంతే. పూర్వకాలపు కథ అనగానే పాత్రలు దీర్ఘసమాసాలలో పలకాలనే ఆచారాన్ని ఆయన పాటించలేదు. బావ, మరదలు, అత్త మాట్లాడినది ఇంటి తెలుగు, పొట్టి వాక్యాలు. చెప్పిన దానికంటె చెప్పక విడిచినది అధికం. భానుమతి వంటి నటికి ఆ విడిచిన చోటులే ఆధారమైనాయి. పల్లెలో ఆమె చలాకీతనం ఎంత సహజమో, రాణివాసంలో నగల నడుమ ఆమె నెమ్మదితనం అంత భారమైనది.

విడిపోయిన జంట మేఘాన్ని పిలిచి తమ మాట చేరవేయమని కోరే పాటకు మూలం కాళిదాసని చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు. కాని పోలిక ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. మేఘసందేశంలో యక్షుడు ఏలినవాని శాపం వల్ల భార్యకు దూరమైనాడు. ఆ శాపానికి కారణం అతని ఏమరుపాటు. దానికి గడువు ఒక సంవత్సరం. శాపమని తెలుసు గనుక యక్షుడు దుఃఖించవచ్చు, దినాలు లెక్కించుకోవచ్చు. నాగరాజు, మల్లి విడిపోయినది ఏలినవాని అనుగ్రహం వల్ల. అనుగ్రహానికి గడువు ఉండదు. దానిని తీసివేయమని వేడుకోవడానికి వీలు లేదు. వేడుకొంటే కృతఘ్నత అవుతుంది. మల్లి ఏడ్చినా ఆ ఏడుపునకు నలుగురిలో చెప్పుకోదగిన పేరు లేదు, ఎందుకంటె ఆమెకు పట్టినది లోకం దృష్టిలో అదృష్టం. శాపం కంటె వరం గట్టి సంకెల అని చూపడం ఈ పాటకు వెనుక ఉన్న కల్పనాబలం.

ఉత్తరార్ధంలో రాణివాసంలో ఉషాపరిణయం యక్షగానంగా ప్రదర్శింపబడుతుంది. మల్లి ఉష పాత్ర ధరిస్తుంది. తుంగభద్ర ఒడ్డున కలిసికొని పారిపోవాలని ఆమె, నాగరాజు అనుకొన్న సమయమది. కథలో కథగా ఉషాకథ ఎంత పొందికగా అమరినదో చెప్పనలవి కాదు. ఉష చెలికత్తె చిత్రరేఖ అనిరుద్ధుణ్ణి రహస్యంగా అంతఃపురానికి తెచ్చింది. ఇక్కడ మల్లి చెలికత్తె జలజ ఆ ఇద్దరినీ కలిపే సాహసం చేసింది. అక్కడ బాణాసురుడు అనిరుద్ధుణ్ణి బంధించాడు. శ్రీకృష్ణుడు సైన్యంతో వచ్చి విడిపించాడు. ఇక్కడ బంధించే కట్టడి రాయలది, విడిపించవలసినవాడూ రాయలే. బాణుని పాత్రను, కృష్ణుని పాత్రను ఒకే రాజు ధరించవలసి వచ్చింది. ప్రభువు మంచివాడైతే కట్టడిలోని క్రౌర్యం ఎవరి తల మీద మోపాలో తెలియదు. ఆ చిక్కును ఇంతకంటె చక్కగా చూపడం కష్టం.

యక్షగానాన్ని రాజు రసజ్ఞతతో చూచాడు. గోదాదేవి విరహాన్ని ‘ఆముక్తమాల్యద’లో కావ్యంగా వ్రాసిన రాజు ఆయన. ఒక కన్య తాను వరించిన వానికై పడే తపన ఆయనకు తెలియనిది కాదు. అయినా వేదిక మీద ఉష వేషంలో ఉన్న పిల్ల నిజంగా దేనికోసం తల్లడిల్లుతున్నదో ఆయనకు తెలియలేదు. రసజ్ఞత వేరు, ఎదుటి మనిషి సంగతి తెలుసుకోవడం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది దానంతట అది రాదు. కావ్యం చదివి కన్నీరు పెట్టినవాడు తన గుమ్మంలోని దుఃఖాన్ని గుర్తించలేకపోవడం రాజులకే పరిమితమైన లోపం కాదు.

చివరికి నాగరాజు రాణివాసంలో పట్టుబడ్డాడు. ఇద్దరికీ దండన తప్పదనిపించింది. అప్పుడు మండపంనాటి రాత్రి సంగతి రాజుకు తెలియవచ్చింది. పరిహాసానికి అడిగిన పల్లకి ఈ ప్రేమికులను విడదీసిందని గ్రహించి రాయలు క్షమించాడు, దీవించి పంపాడు. ప్రేక్షకుని గుండె తేలికపడుతుంది. కాని ఇక్కడ జరిగినది ఏమిటి? రాజు వారిని క్షమించాడు. క్షమించాడంటే వారు నేరం చేశారని అర్థం. వారు చేసిన నేరం, తమ బ్రతుకు తమకు కావాలనడం. తప్పు కట్టడిలో ఉన్నదన్న మాట కొలువులో ఎవరి నోటా రాలేదు. కరుణ ఇద్దరికి ద్వారం తెరిచింది. ద్వారం మాత్రం అక్కడే ఉన్నది. ధర్మం చేయవలసిన పనిని కరుణ చేసినప్పుడు ఫలితం ఒక్కసారికే దక్కుతుంది.

ఈ చిక్కు తెలుగు చిత్రానికే ప్రత్యేకం కాదు. తొమ్మిదేండ్ల తరువాత, 1960లో వెలువడిన కె. ఆసిఫ్ హిందీ చిత్రం ‘మొఘల్-ఎ-ఆజమ్’లోనూ ఇదే సమస్య ఉన్నది. అక్కడ అక్బరు తన రాజ్యనీతికి కట్టుబడి అనార్కలికి శిక్ష విధించాడు. ఆమె తల్లికి పూర్వం ఇచ్చిన మాటకు కట్టుబడి రహస్యమార్గాన విడిచిపెట్టాడు. సలీం మాత్రం ఆమె మరణించిందనే అనుకోవాలి. రెండు కథలలోనూ ఒక ప్రాణాన్ని నిలిపినది రాజు ఎప్పుడో చెప్పిన మాట. ఆసిఫ్ చిత్రం ఆ దయను చీకటిలో దాచి, దాని వెల ఎంతో చూపింది. బి.ఎన్. రెడ్డి దానిని నిండుకొలువులో నిలిపి ఆనందంగా ముగించాడు. విషాదాంతమే సత్యమని, సుఖాంతం అబద్ధమని చెప్పడం తొందరపాటు. కాని ‘మల్లీశ్వరి’ ముగింపు తొందరగా నడిచిందన్నది కాదనలేము. అంతవరకు ఎంతో ఓర్పుతో ముడులు వేసిన దర్శకుడు, చివరి ముడిని ఒక్క రాజాజ్ఞతో విప్పాడు. రాయల పాత్ర కూడా ఆదినుంచి నిర్దోషంగా ఉండటంవల్ల, తన అనుగ్రహం ఏమి చేసిందో తెలిసిన క్షణాన ఆయన పడవలసిన కలత తగినంతగా కనబడదు.

దీనికి కాలం కూడా కొంత కారణం. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చిన మరుసటి యేట ఈ చిత్రం వచ్చింది. సంస్థానాధీశుల కాలం ముగుస్తున్నది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రం అప్పటికి ఇంకా కోరికగానే ఉన్నది. తమదని చెప్పుకోదగిన ఒక ఉజ్జ్వలమైన గతం తెలుగువారికి అవసరమైన ఘడియ అది. అటువంటి వేళ రాయలను దోషిగా నిలబెట్టడం ఎవరికీ రుచించేది కాదు. బి.ఎన్. రెడ్డి ఆ గౌరవాన్ని చెరపకుండానే, పల్లకిలో కూర్చున్న పిల్ల ముఖాన్ని చూపాడు. ముగింపులో ఆయన కూడా ఒక రాజీ చేసుకొన్నాడని చెప్పాలి. ఆ రాజీ వల్ల చిత్రం కొంత పోగొట్టుకొన్నది. ఆ రాజీకి ముందు చూపినదంతా అబద్ధం కాలేదు.

చిత్రం ముగిసిన తరువాత మనసులో మిగిలేది ఆ జంట తిరుగుప్రయాణం ఒక్కటే కాదు. జలజ కూడా మిగులుతుంది. ప్రాణాలకు తెగించి ఆ ఇద్దరినీ కలిపినది ఆమె. రాజు కరుణ ఆమెను విడిచిపెట్టినట్లు చిత్రం చూపలేదు. ఆమె పల్లె ఏదో, ఆమెకు బావ ఉన్నాడో లేడో కథ అడగలేదు. మల్లి వెళ్లిన పిదప కూడా రాణివాసంలో దీపాలు వెలిగి ఉంటాయి, నాట్యం జరిగి ఉంటుంది, కవులు మెచ్చుకొని ఉంటారు. సన్మానాల పల్లకీలు నేటికీ వస్తూనే ఉన్నాయి. వాటిని కాదనడం రచయితలకు సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. అయితే పల్లకి దిగిన కవి, తనకు చేయందించిన ప్రభువుతో జలజ సంగతి ఒక్కమాట చెప్పవచ్చు. పెద్దనకు మండపంలో ఆ అవకాశం వచ్చింది.